గడుల లక్షణములను ఎవరు నిర్ణయింపవలెను?

తాళపత్రగ్రంథముల వివరణపట్టికలను కంప్యూటరునకెక్కించు పని నేడు పెక్కుచోట్ల సాగుచున్నది. ఇందుకు డ్రూపల్, డీస్పేస్ వంటి విషయనిర్వహణ వ్యవస్థలను వాడుచున్నారు. గ్రంథనామము, కర్త, ఆద్యంతములు, ఆశ్వాసాంతగద్య మొదలగు ప్రతి యంశమునకును ఒక్కొక్క గడి యేర్పరచి, దానికి ముందుగనే కొన్ని లక్షణములు విధింతురు. ఎన్ని చిహ్నములు పట్టవలెను? తప్పక నింపవలెనా? ఒక్క విలువయా, పెక్కు విలువలా? ఇవి సాంకేతికులు చూచుకొనవలసిన సంగతులని మన పండితులు ఊరకున్నారు. ఇది పొరపాటని నా యభిప్రాయము. ఈ నిర్ణయము గ్రంథపరిష్కరణములో భాగమే.

మొదట పరిమాణమును చూతము. డ్రూపల్‌లో సామాన్యపాఠపు గడి, మనము మార్చనిచో, 255 చిహ్నములకు పరిమితము. ఆంగ్లశీర్షికకు ఇది పుష్కలము. కాని యూనికోడ్‌లో తెలుగు అక్షరము ఒక్క చిహ్నము కాదు. ‘స్త్రీ’ అను ఒక్క యక్షరమునకు సకార తకార రేఫములు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘము కలిసి ఆరు చిహ్నములు. అక్షరమునకు రెండేసి యనుకొన్నను ఆ గడిలో 127 అక్షరములకు మించి పట్టవు. మన ప్రబంధముల గద్యలలో ముందు బిరుదములు, పిమ్మట తండ్రి పేరు, ఆ తరువాతగాని కవిపేరు రాదు. కావ్యనామము, ఆశ్వాససంఖ్య తుదకు వచ్చును. కొన్నియేండ్ల క్రిందట ఒక సంస్థవారి పట్టికలో ఇట్టి గద్యలు బిరుదములతోనే ముగియుట చూచితిని. గడి పట్టనందున ఎక్కించువాడు తుదిభాగమును విడిచినాడు. దానిని నమ్మి నా విద్యార్థి యొకడు ఆ కృతిని అజ్ఞాతకర్తృకమని వ్రాసికొని వచ్చినాడు. తాళపత్రమున కవిపేరు స్పష్టముగ నున్నది!

రెండవది, ‘తప్పనిసరి’ యను లక్షణము. కర్తృనామపు గడిని తప్పనిసరి చేసినచో, అది నిండనిదే పుట భద్రపడదు. ఎక్కించువాడు ఏమి చేయును? ప్రతికి తుదనున్న లేఖకుని పేరు తీసి కర్తస్థానమున నుంచును. ఖాళీగా నున్న గడి మన యెఱుకలేమిని నిజాయితీగా చెప్పును. బలవంతముగ నింపిన గడి అబద్ధమాడును. లేఖకునకు వేరొక గడి యుండవలెను.

మూడవది సంఖ్య. నంది మల్లయ, ఘంట సింగనలు జంటకవులు. కర్త యొక్కడే యను గడిలో వీరిరువురును కలిసి ఒకే మనుష్యుడగుదురు. ఆంధ్రమహాభారతమున అరణ్యపర్వపు పూర్వభాగము నన్నయది, శేషము ఎఱ్ఱనది. పెక్కు విలువలకు చోటిచ్చినగాని ఈ సత్యము పట్టికలోనికి రాదు.

భాషయు లిపియు వేర్వేరు గడులు కావలెనని వేరుగ చెప్పనక్కఱలేదు. తెలుగులిపిలోని సంస్కృతగ్రంథములు మన భాండాగారములలో నెన్నియో కలవు. అట్లే, అరసున్నను శకటరేఫమును ప్రతిలో నున్నట్లే నిలుపు గడి యొకటియు, వెదకుటకు వీలుగ నేటి వర్ణక్రమమున వ్రాసిన గడి యొకటియు నుండవలెను. ఒకదానికొఱకు రెండవదానిని చెఱుపరాదు.

ఇవన్నియు తరువాత సవరించుకొనవచ్చును గదా యని కొందఱందురు. గడిలో ఒక్క విలువ చేరిన పిదప దాని పరిమాణమును మార్చు వీలును డ్రూపల్ తన తెఱపై మూసివేయును. అప్పుడు క్రొత్త గడి కల్పించి, ఉన్న సమాచారమునంతయు అందులోనికి తరలింపవలెను. విడిచిన పాఠమో, ఆ తరలింపువలన తిరిగిరాదు. మరల తాళపత్రము విప్పవలసినదే.

కావున నా సూచన యిది. పని యారంభించుటకు ముందు మిక్కిలి చిక్కైన ఇరువది ప్రతులను ఏరి, పండితుడును సాంకేతికుడును ఒకచోట కూర్చుండి వానిని గడులలో నింపి చూడవలెను. ఏ గడికి ఏ లక్షణము ఏ హేతువున విధించిరో వ్రాసి, ఆ పత్రమును పట్టికతోపాటు ప్రకటింపవలెను. తెలుగునాటికి దూరముగ బోధించు మావంటివారికిని మా విద్యార్థులకును తాళపత్రము చేతికందుట అరుదు. మాకు ఆ గడిలో నున్నదే గ్రంథము.