ఉచితమా, అనుచితమా?

మనుష్యులకువలెనే మాటలకును పుట్టినిల్లొకటి, మెట్టినిల్లొకటి యుండును. సంస్కృతమునుండి తెనుగునకు వచ్చిన ‘ఉచితము’ అను విశేషణము పుట్టినింట ‘తగినది’ యను నర్థముతో మెలగెను. మెట్టినింట ‘వెల లేనిది’ యను మరియొక యర్థమును గడించుకొన్నది. నేడు ఉచితమన్నంతనే సామాన్యజనుడు డబ్బిచ్చి కొననక్కరలేని దానినే తలచును.

అయినను మొదటి యర్థము చావలేదు. యథోచితము, సముచితము, అనుచితము, ఔచిత్యము అను మాటలలో నది సజీవముగ నున్నది. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు ‘ఔచిత్యవిచారచర్చ’ యని యొక గ్రంథమునే రచించి, కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని చాటెను. హిందీవారికి నేటికిని ‘ఉచిత్’ అనగా తగినదే. రేషను దుకాణమును వారు ‘ఉచిత్ మూల్య్’ దుకాణ మందురు. న్యాయమైన ధర యని దాని భావము. అదే దుకాణమునకు మనము ‘చౌకధరల దుకాణ’మని పేరిడితిమి. వారు న్యాయమును జూచిరి. మనము చవుకను జూచితిమి.

వెల లేనిదానిని జెప్పుటకు మనకు వేరు మాటలు లేవా? కావలసినన్ని కలవు. కాని యొక్కొక్కదాని కొక్కొక్క రంగు. ‘ఊరక వచ్చినది’ యన్నచో శ్రమపడి సంపాదించినది కాదని యెత్తిపొడుపు. ‘అప్పనముగా తినుట’ నింద. ‘పుక్కటికి’ అన్నను, తెలంగాణమున ‘ముఫత్తుగా’ అన్నను, చులకనయే ధ్వనించును. ‘ధర్మ’శబ్దము గౌరవమైనదే: ధర్మసత్రము, ధర్మాసుపత్రి, ధర్మదర్శనము. కాని యా గౌరవ మిచ్చువానిది; పుచ్చుకొనువాడు చేయి చాచినవాడే. ‘పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు’ అను సామెత యీ దృష్టినుండి పుట్టినదే. ఊరక పుచ్చుకొనువాడు కొలతను గూర్చి నోరెత్తరాదని దాని తాత్పర్యము. ‘ఉచితము’ ఒక్కటియే ఇచ్చువానిని పొగడదు, పుచ్చుకొనువానిని కించపరచదు. ఇయ్యదగినది యిచ్చిరని మాత్రమే చెప్పును.

ఇది వట్టి నిఘంటుచర్చ కాదు. మన రాజ్యాంగమున 1976లో చేరిన 39-ఏ అధికరణము ఉచిత న్యాయసహాయమును రాజ్యము చేయవలసిన విధిగా నిర్దేశించినది. 1979లో బీహారు చెరసాలలలోని విచారణఖైదీలను గూర్చిన హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, బీద ముద్దాయికి ప్రభుత్వము వకీలు నీయనిచో ఆ విచారణ న్యాయమైన పద్ధతి కాజాలదని చెప్పెను. 1987నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. దాని 12వ సెక్షను ననుసరించి స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, నిర్బంధములో నున్నవారు ఆదాయముతో నిమిత్తము లేకయే అర్హులు. చదువును గూడ నట్లే. 2002లో చేసిన 86వ సవరణము 6 మొదలు 14 యేండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసినది.

చట్ట మిట్లుండగా కోర్టు ఆవరణములలో వినబడు మాట యేమి? ‘ఫీజు లేని వకీలు మనసుపెట్టి వాదించునా?’ అని. ఆ వకీలునకు ప్రతిఫలము న్యాయసేవాసంస్థ యిచ్చునని పలువు రెరుగరు. పుస్తెలు కుదువబెట్టియైనను ఫీజు తెత్తురేగాని, తమకు రావలసిన వకీలును అడుగరు. వకీళ్లలోను కొందరు దానిని దయాకార్యముగ భావించి వాయిదాలను లక్ష్యపెట్టరు. బడిలో పంతులు లేకున్న తండ్రి యడుగడు. ఊరక చెప్పు చదువే గదా యని యూరకుండును. భిక్షమని తలచినవాడు ప్రశ్నింపడు. హక్కని యెరిగినవాడు ప్రశ్నించును.

ఎన్నికల దినములలో నీ విశేషణమునే ‘ఉచితాలు’ అని బహువచనపు నామవాచకముగ జేసి, పిల్లవాని బడిని, బీదవాని వకీలును, వోటరునకు పంచు మిక్సీలను ఒక్క మూటగ గట్టుచున్నారు. తమిళనాటి రంగుల టెలివిజన్లు, మిక్సీలను గూర్చి 2013లో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, మానిఫెస్టోలోని యట్టి వాగ్దానములు చట్టరీత్యా అవినీతికార్యములు కావనియు, ఎన్నికల సంఘము మాత్రము మార్గదర్శకములు రూపొందింపవలెననియు ననెను. ఈ మూటను విప్పుటకు మాటయొక్క తొలి యర్థమే గీటురాయి. వెల యెంత యని కాదు, తగునా యని యడుగవలెను. తగినదానిని నిలుపుకొందము, తగనిదానిని తిరస్కరింతము.

‘ఉచితము’నకు వ్యతిరేకపదము ‘కొన్నది’ కాదు, ‘అనుచితము’. వకీలు లేక బీదవాడు బోనులో నిలుచుట అనుచితము. చదువవలసిన యీడున బిడ్డ కూలికి బోవుట అనుచితము. రావలసినది పుణ్యానికి వచ్చుట లేదు. గావున కుంచము చిన్నదైనచో చిన్నదని నిర్భయముగ నడుగుడు.