వోల్టేజి ఎక్కడ తగ్గుతోందో కొలిచి చెప్పాలి

పొలంలో మోటారు కాలితే రైతు ‘లో వోల్టేజి’ అంటాడు. సిబ్బంది ‘మీ వైర్లు బాగాలేవు’ అంటారు. ఎవరి మాట నిజమైనా రీవైండింగు ఖర్చు మాత్రం రైతు నెత్తినే పడుతోంది. ఈ తగువు తీర్చడానికి పదో తరగతి పాఠం చాలు.

చెరువులో నీటి మట్టం ఎంతో వోల్టేజి అంత. కాలువలో పారే నీరు కరెంటు. కాలువ సన్నగా, పొడవుగా ఉండి పూడిక చేరితే చివరి మడికి నీరందదు. వైరులో ఆ అడ్డంకినే నిరోధం అంటారు. కరెంటును నిరోధంతో గుణిస్తే వైరులో పోయే వోల్టేజి తెలుస్తుంది. జర్మనీలో బడిపంతులుగా పనిచేసిన ఓమ్ 1827లో ప్రకటించిన సూత్రమిది.

స్తంభం నుంచి 100 మీటర్ల దూరానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు లాగారనుకుందాం. రానుపోను 200 మీటర్లకు నిరోధం దాదాపు 2.4 ఓమ్‌లు. సింగిల్ ఫేజ్ మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటే 24 వోల్టులు వైరులోనే హరించుకుపోతాయి. స్తంభం వద్ద 230 ఉన్నా మోటారుకు అందేది 206 మాత్రమే. వదులైన అతుకులుంటే ఇంకా తగ్గుతుంది.

వోల్టేజి తగ్గితే బల్బు మసకబారి ఊరుకుంటుంది. నీరు తోడే మోటారు అలా కాదు. అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, వైండింగు వేడెక్కి కాలుతుంది. ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టి ఉంటే ఇక కాపాడే దిక్కే లేదు.

కనుక ఫిర్యాదు అందగానే సిబ్బంది మోటారు నడుస్తుండగానే స్తంభం వద్ద, స్టార్టరు వద్ద వోల్టేజి కొలవాలి. మోటారు ఆపి కొలిస్తే కరెంటు పారదు కాబట్టి నష్టమూ కనిపించదు. స్తంభం వద్దే తక్కువుంటే లోపం ట్రాన్స్‌ఫార్మరుది లేదా లైనుది. దాన్ని సరిచేయాల్సింది విద్యుత్ సంస్థ. స్తంభం వద్ద సరిగా ఉండి స్టార్టరు వద్ద తగ్గితే వైరు, అతుకులు మార్చుకోవాల్సింది రైతు. రెండు అంకెలూ కాగితంపై రాసి రైతుకివ్వాలి. రైతులు మాత్రం స్వయంగా లైను ముట్టుకోరాదు.

పాఠశాలల్లోనూ ఈ ప్రయోగాన్ని నల్లబల్లపై బొమ్మతో సరిపెట్టకూడదు. బ్యాటరీ సెల్లులు, నిక్రోమ్ తీగ, అమ్మీటరు, వోల్టుమీటరు ఇచ్చి పిల్లల చేత చేయించాలి. కొలవడం తెలిసిన పిల్లలున్న ఇంట్లో రైతును మాటలతో తిప్పి పంపడం ఎవరికీ సాధ్యం కాదు.