వల్లె వేస్తే మెదడు మారుతుందా?

వేద పండితుల మెదడు మిగతావారి మెదడులాగే ఉంటుందా? ఢిల్లీ పొరుగున మానేసర్‌లో ఉన్న నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో స్కానింగ్ చేసి చూశారు. చిన్ననాటి నుంచి ఏళ్ల తరబడి యజుర్వేదం వల్లె వేసిన 21 మంది పండితులను మరో 21 మందితో పోల్చారు. 2016లో వెలువడిన ఫలితం ఆశ్చర్యపరిచింది. పండితుల మెదడు రెండు అర్ధగోళాల్లోనూ పలుచోట్ల బూడిదరంగు పదార్థం 10 శాతానికి పైగా ఎక్కువ ఉంది.

కానీ ఒక చిక్కు. వల్లె వేయడం వల్ల మెదడు మారిందా? లేక అలాంటి మెదడున్నవారే వేదపాఠశాలలో నిలదొక్కుకున్నారా? ఒక్కసారి తీసిన స్కాన్ ఆ సంగతి చెప్పలేదు.

సాధన మెదడును మారుస్తుందనడానికి గట్టి రుజువు ఎలుకల్లో దొరికింది. అదీ బూడిదరంగు పదార్థంలో కాదు, దాని అడుగునున్న తెల్ల పదార్థంలో. అక్కడి నాడీ తంతువులకు, కరెంటు తీగకు ప్లాస్టిక్‌లా, మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. తొడుగు లేని సన్నని తంతువులో సంకేతం సెకనుకు మీటరు దూరం నడిస్తే, తొడుగున్న లావుపాటి తంతువులో 100 మీటర్ల వరకూ పరుగెడుతుంది. బాల్యం, యవ్వనం దాటితే ఈ తొడుగు పెద్దగా మారదని చాలాకాలం నమ్మారు.

2014లో ఆ నమ్మకం సడలింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మాంజే బృందం, ఎలుకల మెదడులో కదలికలను నడిపే నాడీకణాలను కాంతితో ఉత్తేజపరిచింది. గంటల్లోనే మైలిన్ తయారుచేసే కణాల మూలకణాలు విభజన చెందసాగాయి. కొన్ని వారాలకు తొడుగు మందమైంది, కాలి కదలిక మెరుగుపడింది. అదే ఏడాది లండన్‌లో విలియం రిచర్డ్‌సన్ బృందం కొత్త మైలిన్ తయారుకాకుండా అడ్డుకుంది. మెట్లు అస్తవ్యస్తంగా ఉన్న చక్రంపై పరుగెత్తడం ఆ ఎలుకలకు సరిగా పట్టుబడలేదు. ముందే నేర్చుకున్న ఎలుకలు మాత్రం మర్చిపోలేదు. అంటే కొత్త విద్యకు కొత్త తొడుగు కావాలి.

మైలిన్ ఊడిపోయే మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు ఇది ఆశ కలిగించే కబురు. అయితే ఇందులో ముప్పూ ఉంది. నాడీకణాల చురుకుదనం గ్లయోమా అనే మెదడు కణితి పెరుగుదలకూ ఊతమిస్తుందని మాంజే బృందమే 2015లో తేల్చింది.

ఇక మానేసర్ ప్రశ్న. అది తేలాలంటే పాఠశాలలో చేరే రోజునే పిల్లల మెదడు స్కాన్ చేసి, చదువు పూర్తయ్యాక మళ్లీ చూడాలి. అంతదాకా ఘనత వేదానిదా, మెదడుదా అన్నది చెప్పలేం.