రూ.399 టూల్ కిట్ కొనాలా వద్దా? ముందు మీరు విప్పబోయే స్క్రూ ధర చూడండి

ఈ సైట్‌లో ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి చాలా రాశాను. స్క్రూడ్రైవర్ల గురించి రాస్తానని అనుకోలేదు. కానీ గత కొన్ని నెలలుగా మెయిల్‌లో ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నల్లో ఇదొకటి: "ఆన్‌లైన్‌లో 115 ఇన్ 1 కిట్ రూ.399కే వస్తోంది, తీసుకోవచ్చా?" నేను తీసుకున్నాను. ఒకటి కాదు, రెండు. అందుకే సమాధానం కాస్త పొడుగ్గా ఉంటుంది.

నేనుండేది నానక్‌రామ్‌గూడలో. అద్దాల బిల్డింగుల వైపు కాదు, పాత ఊరి సందుల వైపు. ఇక్కడ ప్రతి రెండో బిల్డింగ్ ఒక పీజీ హాస్టల్, ప్రతి నెలాఖరుకీ ఎవరో ఒకరు ఇల్లు మారుతుంటారు. మంచం విప్పాలి, టేబుల్ బిగించాలి, వాటర్ ప్యూరిఫైయర్ గోడ నుంచి దించాలి. 2018 ఆగస్టులో దేశంలోనే మొదటి ఐకియా స్టోర్ మన పక్కనే రాయదుర్గంలో తెరిచాక ఫర్నిచర్ మనమే బిగించుకోవడం కూడా ఇక్కడివాళ్లకి అలవాటైంది. పని ఉంది, పనిముట్లు లేవు. సరిగ్గా అక్కడే సేల్ నోటిఫికేషన్ వచ్చి వాలుతుంది.

నేను ఒకే సేల్‌లో రెండు కొన్నాను. ఒకటి ఫోన్లు, లాప్‌టాప్‌లు విప్పే 115 ఇన్ 1 కిట్, రూ.399. రెండోది సుత్తి, కటింగ్ ప్లయర్, టేపు, చిన్న పానాలు, టెస్టర్ అన్నీ ఉన్న ప్లాస్టిక్ పెట్టె, రూ.649. రెండిటి మీదా "మేడ్ ఇన్ చైనా" అనే ఉంది. బాక్స్ తెరవగానే చాలా ఆనందమేసింది, అబద్ధం చెప్పను. బిట్లు వరసగా, మెరుస్తూ, ప్రతి దాని కింద నంబరు. మా ఆవిడ "ఇప్పుడు ఇంట్లో ఏవేవి విప్పుతారో" అంది. ఆవిడ ఫోనే విప్పాను.

115 బిట్లు, వాడింది 7

అది ఐఫోన్ 11. బ్యాటరీ హెల్త్ 74 శాతానికి పడిపోయింది. కింద చార్జింగ్ పోర్టుకి అటూ ఇటూ రెండు చిన్న స్క్రూలుంటాయి, అయిదు రేకుల పువ్వులా. దీన్ని పెంటలోబ్ అంటారు. ఆపిల్ 2009లో మ్యాక్‌బుక్ ప్రోలో మొదలుపెట్టి, ఆ తర్వాత ఐఫోన్ 4లోకి తెచ్చింది. ఐఫోన్లలో వాడే సైజు పీ2, అంటే సుమారు 0.8 మిల్లీమీటర్లు. అంత చిన్న గుంటలో బిట్ కాస్త వదులుగా ఉన్నా, లోహం కాస్త మెత్తగా ఉన్నా అంతే సంగతులు.

మొదటి స్క్రూ వచ్చింది. రెండోది తిప్పుతుంటే చేతికి ఏదో తేడాగా తెలిసింది, వెన్నలో చెంచా తిప్పినట్టు. తీసి చూస్తే అయిదు రేకులూ పోయి గుండ్రటి గుంట మిగిలింది. బిట్ చివర కూడా అరిగిపోయింది. రెండూ ఒకదాన్నొకటి తినేశాయి.

మా సందు చివర ఒక మొబైల్ రిపేర్ షాపుంది. అక్కడి కుర్రాడు ఫోన్ భూతద్దం కింద పెట్టి ఒక్క మాట అడిగాడు: "అన్నా, ఏం డ్రైవర్ పెట్టి తిప్పినవ్?" కిట్ సంగతి చెప్పాను. నవ్వలేదు, అది నచ్చింది నాకు. సోల్డరింగ్ ఐరన్‌తో స్క్రూ తలని కొంచెం వేడి చేసి, కొత్త బిట్ గట్టిగా నొక్కిపట్టి, వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ఇరవై నిమిషాల్లో తీశాడు. రూ.300 తీసుకున్నాడు. బ్యాటరీ కూడా అక్కడే మార్పించాను, ఇక నా చేతుల మీద నాకే నమ్మకం లేక.

అతని బల్ల మీద చూస్తే ఉన్నవి నాలుగే నాలుగు డ్రైవర్లు. పీ2 పెంటలోబ్ ఒకటి, ఐఫోన్ 7 నుంచి లోపల వస్తున్న మూడు రేకుల వై000 ఒకటి, ఫిలిప్స్ పీహెచ్000 ఒకటి, పీహెచ్00 ఒకటి. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో కొన్నాడట. "రోజుకు ఎన్ని ఫోన్లొచ్చినా గివే అన్నా. మొన అరిగితే పారేస్త, స్క్రూ మీద ప్రయోగం చెయ్య." ఆ నాలుగూ చైనావే. ఆ విషయం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. 115 బిట్లకి రూ.399 అంటే ఒక్కోటి మూడున్నర రూపాయలు కూడా పడదు. చాలా చౌక. కానీ రెండేళ్లలో నేను నిజంగా వాడినవి 7. అంటే ఒక్కోటి రూ.57. మిగిలిన 108 బిట్లకి నేను బాక్స్‌లో అద్దె లేకుండా చోటిచ్చాను. పైగా స్క్రూ పీకినందుకు ఇచ్చిన 300 కలిపితే, ఆ కుర్రాడి నాలుగు డ్రైవర్ల లాంటివి కొనుక్కుని ఇంకా చాయ్ తాగేవాణ్ని.

టెస్టర్ వెలగలేదు

ఫోన్ స్క్రూ సంగతి నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు. ఇది అలా కాదు.

బెడ్‌రూమ్‌లో ఫ్యాన్ రెగ్యులేటర్ పోయింది. మార్చడం పెద్ద పని కాదు, ఇంతకుముందు చేశాను. అద్దె ఫ్లాట్ కాబట్టి మెయిన్ బాక్స్‌లో ఏ ఎంసీబీ ఏ గదిదో ఎవరూ రాయలేదు. నాకు అనుమానమున్నది ఒకటి కిందికి దించాను. ఫ్యాన్ ముందునుంచే తిరగడం లేదు కాబట్టి కరెంటు పోయిందో లేదో దాన్ని చూసి చెప్పలేం. బోర్డు విప్పి రూ.649 పెట్టెలోని టెస్టర్ పెట్టాను. వెలగలేదు. చెయ్యి పెట్టాను.

కుర్చీ మీద నుంచి కింద పడ్డాను. మోచెయ్యి మంచం అంచుకి తగిలింది, అంతకు మించి ఏమీ కాలేదు. పక్క గదిలో ఉన్న మా అమ్మ పరిగెత్తుకొచ్చింది. తర్వాత వంటగదిలో ఫ్రిజ్ నడుస్తున్న సాకెట్లో అదే టెస్టర్ పెట్టి చూశాను. అక్కడా వెలగలేదు. లోపలి నియాన్ బల్బు పనిచెయ్యడం లేదు. ఎప్పుడు పోయిందో, అసలు మొదటి నుంచే అంతేనో.

ఇందులో నా తప్పు ఉంది, ఒప్పుకుంటాను. కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట ముందు టెస్టర్‌ని పెట్టి చూడాలి, తర్వాత పని చేసే చోట పెట్టాలి, మళ్లీ మొదటి చోట పెట్టి చూడాలి. ఎలక్ట్రీషియన్లు చేసే పని ఇది. టెస్టర్ మంచిదైనా, పొడి ప్లాస్టిక్ కుర్చీ మీద చెప్పులతో నిలబడితే వెలుగు మసకగా రావచ్చు, ఎందుకంటే కరెంటు మన ఒంటి గుండానే వెళ్లి ఆ బల్బుని వెలిగిస్తుంది. ఆ కరెంటు ప్రాణం మీదికి రాకుండా ఆపేది లోపలున్న చిన్న రెసిస్టర్. పెట్టెలో పద్దెనిమిదో ఐటమ్‌గా పడేసిన టెస్టర్‌లో ఆ రెసిస్టర్ ఏ క్వాలిటీదో మనకి తెలిసే మార్గం లేదు. వెలగకపోవడం ఒక ప్రమాదం, రెసిస్టర్ బాగోకపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

ప్లయర్ పిడి మీద "1000వి" అని ఉందని నమ్మేవాళ్లకి కూడా ఒక మాట. ఆ అక్షరాలు ఎవరైనా ముద్రించొచ్చు. నిజమైన ఇన్సులేటెడ్ టూల్ మీద ఐఈసీ 60900 అనే స్టాండర్డ్ నంబరు, రెండు త్రికోణాల గుర్తు ఉంటాయి. ఆ స్టాండర్డ్‌తో వచ్చే పనిముట్లని 10,000 వోల్టుల దగ్గర పరీక్షించి, 1000 వోల్టుల దాకా వాడొచ్చని చెబుతారు. ఎర్ర రబ్బరు తొడిగిన మామూలు ప్లయర్ దాని ముందు బొమ్మ. అలాగే చౌక పసుపు మల్టీమీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రం పక్కన "అన్‌ఫ్యూజ్డ్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. అందులో వైరు ఉంచి ప్లగ్గులో పెడితే మధ్యలో ఫ్యూజు లేదు.

చైనా అని కాదు

ఇంతదాకా చదివి "అంటే చైనా సరుకు వద్దంటావ్" అనుకుంటారు. కాదు. రిపేర్ కుర్రాడి డ్రైవర్లు చైనావే అని చెప్పాను కదా. షావోమీ జర్మనీ కంపెనీ వీహాతో కలిసి 24 బిట్ల కిట్ తెచ్చింది, ఎస్2 స్టీల్‌తో, ఫోన్ల పనికి దాన్ని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. దేశం కాదు, ఆ దేశంలో ఏ ధరకి చెయ్యమని ఆర్డరిచ్చారన్నదే తేడా. 399కి 115 ముక్కలు, పైన పెట్టె, పార్సిల్, దిగుమతిదారు లాభం, యాప్ కమీషన్. ఇవన్నీ తీసేశాక స్టీల్‌కి ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

ఇక మన దేశం సంగతి. తపారియా 1969లో స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో మొదలైంది, ఇప్పటికీ ఏ ఎలక్ట్రీషియన్ సంచి విప్పినా ఆ పేరు కనిపిస్తుంది. జలంధర్, లూధియానాల్లో తయారయ్యే పానాలు విదేశాలకీ వెళతాయి. అయినా నీతి ఆయోగ్ 2025 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచ హ్యాండ్ టూల్స్ వ్యాపారంలో మన ఎగుమతులు సుమారు 60 కోట్ల డాలర్లు, అంటే 1.8 శాతమే. చైనా దాదాపు 1,300 కోట్ల డాలర్లు. అంత పెద్ద ఫ్యాక్టరీ పక్కనుండగా మార్కెట్లో దాని సరుకు వద్దనుకోవడం కుదరదు, అవసరమూ లేదు. ఏది తీసుకోవాలో తెలిస్తే చాలు.

మరి నేను ఏం కొంటున్నాను

పాడైతే నష్టం చిన్నదయ్యే చోట చౌకది హాయిగా కొంటాను. కొలిచే టేపు, ఫర్నిచర్‌కి ఎల్ కీలు, మేకులు కొట్టే చిన్న సుత్తి, ఫోన్ అంచు తెరిచే ప్లాస్టిక్ ముక్కలు, ట్వీజర్. పీజీలో చేరిన ఫ్రెషర్‌కి టేబుల్ బిగించడానికి రూ.399 కిట్ తప్పేం కాదు, ఏడాది తర్వాత రూమ్‌మేట్‌కి ఇచ్చేసి వెళ్లిపోతాడు. కానీ విప్పాల్సిన వస్తువు వేల రూపాయలదైతే ఆ ఒక్క స్క్రూకి సరిపోయే ఒక్క మంచి డ్రైవర్. కరెంటు తగిలేదైతే పేరున్న కంపెనీది, విడిగా, చూసి.

చౌకది కొనేటప్పుడు కూడా కొన్ని పరీక్షలున్నాయి. డ్రైవర్‌ని స్క్రూలో పెట్టి అటూ ఇటూ ఊపండి, కదిలితే దాంతో తిప్పొద్దు. పానా గానీ పెద్ద బిట్ గానీ అయితే ఒక మూల ఆకురాయితో ఒక్కసారి గీయండి. ఆకురాయి జారిపోతే స్టీల్ గట్టిపరిచినది, సులువుగా కోసుకుపోతే ఇనుప ముక్కకి పూత వేశారంతే, పైన "సీఆర్-వి" అని ఎంత పెద్దగా రాసినా సరే. మరీ గట్టిగా చేసినవి అరగవు, ముక్కలవుతాయి. అందుకే విప్పేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవడం నయం. ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, తయారైన దేశం ఉండాలని మన ప్యాకింగ్ రూల్స్ చెబుతాయి. అవి లేని పెట్టె నేను తీసుకోను. రేపు కంప్లైంట్ ఇవ్వాలంటే ఒక చిరునామా కావాలి కదా.

వీలైతే ఒక్కసారి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి రండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే అక్కణ్నుంచి ఆటో. పనిముట్ల షాపులు వరసగా ఉంటాయి, చేత్తో పట్టుకుని బరువు చూడొచ్చు, ఏది ఎక్కువ రిటర్న్ వస్తోందో షాపతన్ని అడగొచ్చు. ఒక శనివారం పోతుంది, నిజమే. యాప్‌లో రెండు నిమిషాల పని. అయినా నేను అక్కడే ఒక టెస్టర్, ఒక కటింగ్ ప్లయర్, రెండు స్క్రూడ్రైవర్లు కొన్నాను. నా రెండు ఆన్‌లైన్ కిట్లకి అయిన రూ.1,048 కంటే తక్కువే అయింది.

పాత రెండు పెట్టెలూ ఇంట్లోనే ఉన్నాయి. టేపు రోజూ పనికొస్తోంది, ట్వీజర్ మా ఆవిడ తీసేసుకుంది. ఆ టెస్టర్‌ని మాత్రం ప్లయర్‌తో రెండు ముక్కలు చేశాకే చెత్తబుట్టలో వేశాను, ఇంకెవరూ ఏరుకుని బోర్డులో పెట్టకుండా.