సీసాలు కడిగే చేతులు, సంతకాలు పెట్టే చేతులు

మా దగ్గర పదో తరగతి చదివిన మాదిగ పిల్ల ఒకామె మొన్న పండక్కి ఊరొచ్చింది. వాళ్లది ఇటు ఖమ్మం మైదానానికీ అటు భద్రాచలం అడివికీ నడుమ ఉన్న ఊరు. మాదిగ గూడేనికీ కోయ గూడేనికీ మధ్య ఒక వాగు. ఆ వాగులో కోయ పిల్లలతో కలిసి ఈది పెరిగింది గనక ఆమెకు కోయ మాట బాగా వచ్చు. ఇంటర్లో ఎం.ఎల్.టి. చదివి ఇప్పుడు ఒక యూనివర్సిటీలో, జబ్బుల మీద పరిశోధన చేసే ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తోంది. జీతమెంత బిడ్డా అంటే నవ్వి ఊరుకుంది. ప్రాజెక్టు పోస్టు. రోస్టరు లేదు, ప్రాజెక్టు అయిపోతే కొలువూ అయిపోతుంది.

మీ ల్యాబులో ఎవరెవరు ఉంటారో చెప్పమన్నాం.

"ప్రొఫెసర్ సారు ఉంటరు, వారానికోసారి వచ్చి చూస్తరు. ఆయన కింద పీహెచ్‌డీ పిల్లలు. కంప్యూటర్లు, మైక్రోస్కోపులు వాళ్లయి. మేం టెక్నీషియన్లం నలుగురం. రక్తం తీస్తం, సీసాల మీద నంబర్లేస్తం, సెంట్రిఫ్యూజులో తిప్పి ఫ్రీజరులో పెడతం. ఇంక సీసాలు కడిగేటామె, ఊడ్చేటాయన, ఎలుకల గది చూసేటాయన."

పాడు అలవాటు, మేము ఇంకో ప్రశ్న అడక్కుండా ఉండలేం. ఎవరే కులమమ్మా అన్నాం.

"సీసాలు కడిగేటామె మనామెనే సార్. ఊడ్చేటాయన గూడ. పైవాళ్ల సంగతి నాకు తెల్వదు, అడగం గదా." తెల్వదంది గానీ తెలవకేం? ఇంటిపేర్లు, తోకపేర్లు గదుల తలుపుల మీదే రాసి ఉంటాయి.

అదంతా మనకు కొత్త కాదు. మాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ తర్వాత ఆమె గొప్పగా చెప్పుకున్న మాట. "ఊళ్లల్లకు నన్నే పంపుతరు సార్. కోయ మాట వస్తది గదా. నేనడిగితే ఎవరూ కాదనరు, చెయ్యి చాపుతరు."

చెయ్యి చాపుతరు. మన జిల్లాలో ఇట్లా చేతులు చాపిన కథ ఒకటుంది. పదిహేనేళ్లు దాటింది, మరిచిపోయినవాళ్లే ఎక్కువ.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లలకు ఒక కొత్త టీకా వేయడం మొదలుపెట్టారు. ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం దగ్గర వచ్చే క్యాన్సర్‌ను ఆపే టీకా. అమెరికాలోని పాత్ అనే సంస్థ, మన ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి చేసిన పని అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, మందు మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన గార్డసిల్. పద్నాలుగు వేల మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఉండేవాళ్లు. హాస్టళ్లలో ఎవరి పిల్లలుంటారో మీకు చెప్పాలా? ఆదివాసులు, మాల మాదిగలు, కూలికి పోయే బీసీలు. ఖమ్మం పట్నంలో కాన్వెంటుకు ఆటోలో పోయే పిల్ల ఆ వరసలో లేదు. అదే టీకా అప్పటికి బజార్లో వేల రూపాయలకు అమ్ముతున్నారు. కొనుక్కోగల ఇంటి పిల్లమీద ఎవరూ 'ప్రాజెక్టు' పెట్టలేదు.

మన దగ్గర అయిదుగురు, గుజరాత్‌లో ఇదే పని జరిగిన చోట ఇద్దరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపమంది. పాము కరిచిందని, పురుగుమందు తాగారని, నీళ్లలో పడిందని, మలేరియా అని అయిదుగురి సంగతి విచారణ సంఘం తేల్చింది. మిగిలిన ఇద్దరి సంగతి కచ్చితంగా చెప్పలేకపోయినా, వాళ్లదీ టీకా వల్ల కాకపోవచ్చంది. టీకాయే చంపిందని మేమూ అనడం లేదు. కానీ చనిపోయినప్పుడు నమ్మకంగా తేల్చి చెప్పగల ఏర్పాటు ముందుగా పెట్టుకోకుండానే వేల మంది పిల్లలకు సూదులేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాత్‌నూ ఐ.సి.ఎం.ఆర్.నూ గట్టిగానే కడిగింది.

ఆ నివేదికలో ఒక లెక్క ఉంది. పంతుళ్లందరూ దాన్ని గోడకు రాసి పెట్టుకోవాలి. మన రాష్ట్రానికి సంబంధించి చూసిన అంగీకార పత్రాలు 9,543. అందులో వేలిముద్రలు 1,948. హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు 2,763. అంటే పదిమంది పిల్లల్లో దగ్గర దగ్గర ముగ్గురి కోసం అమ్మ కాదు, నాన్న కాదు, వార్డెన్ సంతకం పెట్టాడు. హెడ్మాస్టర్లు పెట్టవచ్చని పైనుంచి సర్క్యులరూ వచ్చింది.

ఆ సంతకాలు పెట్టిన చేతులు ఎవరివి? సియాటిల్ నుంచి వచ్చిన దొరవి కావు. రిజర్వేషన్ మీద ఉద్యోగాలొచ్చి వార్డెన్లు, పంతుళ్లు అయిన మనవాళ్ల చేతులూ వాటిలో ఉన్నాయి. మేము పనిచేసిన బడి ఆ మూడు మండలాల్లో లేదు. ఉంటే? 2009లో మేము ఉద్యోగంలో కొత్త. మా ఇళ్లల్లో డిగ్రీ మొహం మొదట చూసింది మేమే. పైనుంచి కాగితం వస్తే ఎదురడిగే ధైర్యం మాకు లేదు. పెట్టేవాళ్లమే. గవర్నమెంటు మంచి కోసమే చేస్తుందిలే అనుకుని, వరసలో నిలబడ్డ పిల్లను భయపడకే అని కూడా చెప్పేవాళ్లం.

అమెరికాలో నల్లవాళ్లకు ఇది బాగా తెలుసు. టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా, నలభై ఏళ్లు, సవాయి జబ్బున్న 399 మంది నల్ల కూలీలకు వైద్యం చెయ్యకుండా జబ్బు ఎట్లా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. జబ్బు లేనివాళ్లు 201 మందిని పోల్చి చూడటానికి పెట్టుకున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. నడిపింది తెల్ల సర్కారు డాక్టర్లు. కానీ పరీక్షలు జరిగింది నల్లవాళ్ల విద్యాసంస్థ ఆస్పత్రిలో. ఇల్లిల్లూ తిరిగి, పేరుపెట్టి పిలిచి, కారెక్కించుకుని ఆ మనుషుల్ని తెచ్చింది యూనిస్ రివర్స్ అనే నల్ల నర్సు. ఆమె చెడ్డమనిషి కాదు. ఆ కూలీలు ఆమెను ప్రేమించారు. నలభై ఏళ్లు ఆ పని సాగడానికి అసలు ఆధారం ఆ ప్రేమే.

ఇంకో సంగతి. మన పిల్లలకు వేసిన టీకా వెనక ఉన్న విద్యకు ఒక మూలం జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ఆస్పత్రి ల్యాబు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లామె, పొగాకు చేలల్లో పెరిగిన మనిషి, సరిగ్గా ఇదే క్యాన్సర్‌తో అక్కడికి వెళ్తే అడక్కుండా ఆమె కణాలు తీసి పెంచారు. 31 ఏళ్లకే ఆమె చనిపోయింది, కణాలు చావలేదు. ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ రకాల్లో ఒకదాన్ని 1980ల్లో జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఆ కణాల్లోనూ చూసింది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. లాక్స్ పిల్లలకైతే 1970ల దాకా సంగతే తెలవదు.

అదే జాన్స్ హాప్కిన్స్‌లో వివియన్ థామస్ ఉండేవాడు. నల్లవాడు, వడ్రంగి పని చేసినవాడు, డాక్టరు చదవాలని కూడబెట్టిన డబ్బు బ్యాంకు మునిగి పోగొట్టుకున్నవాడు. అంతకుముందు వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ల్యాబులో ఆయన్ని ఊడ్చేవాడి లెక్కలో రాసి జీతమిచ్చారు. పుట్టుకతో గుండె చెడి నీలంగా మారే పిల్లలకు 1944లో మొదటి ఆపరేషన్ చేసిన బ్లాలాక్ అనే సర్జన్, ఈయన్ని తన వెనక నిలబెట్టుకుని అడుగుతూ కోశాడు. ఆ పద్ధతిని కుక్కల మీద చేసి చేసి సరిచూసింది థామసే. కాగితం మీద పేరు మాత్రం డాక్టర్లది. గౌరవ డాక్టరేటు 1976లో వచ్చింది, ముప్ఫై రెండేళ్లకు.

కాబట్టి ల్యాబులు మనకొద్దు అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ టీకా మంచిదేనని ఇవాళ ప్రపంచమంతా ఒప్పుకుంది. 2022లో మన సీరం కంపెనీ కూడా ఒకటి తయారు చేసింది. మా అమ్మాయికి మేము వేయించాం, చదివి, అడిగి, తెలుసుకుని. ఆ అవకాశమే భద్రాచలం హాస్టల్ పిల్ల తల్లికి దక్కలేదు. ల్యాబులో మన పిల్లలు ఇంకా కావాలి, సీసాల దగ్గరే కాదు, ఏ జబ్బు మీద, ఎవరి మీద, ఎట్లా పరిశోధన చెయ్యాలో నిర్ణయించే బల్ల దగ్గర. ఆ దారి ఎట్లా మూసి ఉంటుందో ఎయిమ్స్ మీద 2007లో థోరట్ కమిటీ రాసింది చదివితే తెలుస్తుంది. సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల ఏమయ్యాడో చదవక్కర్లేదు, మనం చూశాం.

మా పిల్ల సంచిలోంచి ఒక కాగితం తీసింది. వాళ్ల కొత్త ప్రాజెక్టు సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు మీద. ఆ జబ్బు మన దేశంలో ఆదివాసుల్లో, దళితుల్లోనే ఎక్కువ. పరిశోధన వద్దంటే చచ్చేది మన పిల్లలే. తీసింది దాని అంగీకార పత్రం, తెలుగులో. 'సూచిత సమ్మతి', 'యాదృచ్ఛిక ఎంపిక', 'నమూనా నిల్వ' అని ఉంది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన మాకే రెండుసార్లు చదివితే గానీ తలకెక్కలేదు. తునికాకు కోసే అవ్వకు ఏం అర్థమవుద్ది?

రాత్రి పదకొండు దాకా కూర్చుని మార్చి రాశాం. అందులో లేని మూడు సంగతులు చేర్చాం. వద్దంటే రేషన్, పింఛను, హాస్టల్ సీటు ఏదీ పోదు అని. పిల్లకు జబ్బుందో లేదో ఫలితం ఎప్పుడు, ఎవరు వచ్చి చెబుతారని. రక్తం ఎన్నేళ్లు దాస్తారు, ఇంకెవరికైనా ఇస్తారా అని. చివర సంతకం గడిలో 'తల్లి / తండ్రి / సంరక్షకుడు / ప్రధానోపాధ్యాయుడు' అని ఉంది. ఆ చివరి మాటను ఎర్ర పెన్నుతో కొట్టేశాం.

"సారు కోప్పడతరేమో" అంది.

ఎవరు కొట్టేశారంటే మా పేరు చెప్పమన్నాం. కొలువు పోతే ఏం చెయ్యాలని ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు. కాసేపు కాగితం వంక చూసి, కోయ మాటలో కూడా ఉంటే బాగుండు సార్ అంది. పక్క బడి కోయ పంతులు ఆదివారం వస్తానన్నాడు. ఆమె బస్సు సోమవారం పొద్దున.