తొలి యాటతోనే జట్టును తూచవచ్చునా?

వానలు తగ్గి, బాగ్ లింగంపల్లి, నారాయణగూడ ప్రాంతములందలి మైదానములలో బంతి చప్పుడు వినవచ్చుటతోడనే ఏటేటా ఒక చర్చయు మొదలగుచుండును. "ఈ యేడు మన టీము ఎట్టిది?" అని బాలురు ఒకరినొకరు అడుగుదురు. మొదటి పందెము గెలిచినచో "కప్పు మనదే" యందురు. ఓడినచో "క్యాప్టెనును మార్చవలెను" అందురు. తలిదండ్రులలోను, ఉపాధ్యాయులలోను గూడ ఈ తొందర లేకపోలేదు. ఈ రెండు తీర్పులును తగినవి కావని మా యభిప్రాయము.

ఏలయన, ఫుట్‌బాలునందు గోలులు అరుదు. క్రికెట్టులో ఒక్క పొరపాటు వందల పరుగుల నడుమ మునిగిపోవచ్చును. ఫుట్‌బాలులో నట్లు కాదు. 2022వ సంవత్సరమున ఖతార్ దేశమున జరిగిన ప్రపంచ కప్పు పోటీలలో 64 పందెములకును కలిసి వచ్చినవి 172 గోలులే. అనగా సగటున పందెమునకు మూడైనను లేవు. కావున ఒక తడి నేల, ఒక జారిన కాలు, రెఫరీ యిచ్చిన ఒక్క పెనాల్టీ ఫలితమునే తారుమారు చేయగలవు. రెండు మూడు పందెముల ఫలితములను బట్టి బలమెంత, అదృష్టమెంత యని వేరుచేయుట కష్టము.

ఇందుకు దృష్టాంతము మన నగరమందే కలదు. హైదరాబాద్ ఎఫ్.సి. యను జట్టు 2019లో ఇండియన్ సూపర్ లీగున ప్రవేశించెను. ఆ యేడు అక్టోబరు 25న కలకత్తాలో ఆడిన తొలి పందెమున 0-5తో ఓడెను, రెండవదియు ఓడెను. మూడవ పందెమున, నవంబరు 2న, గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్సును 2-1తో గెలిచెను. జట్టు చక్కబడినదని నాడెవరైన తలచియుండినచో వారిని తప్పుపట్టలేము. కాని రెండవ గెలుపు సీజను కడపటి పందెమున గాని రాలేదు. పదునెనిమిది పందెములలో రెండే గెలిచి ఆ జట్టు చిట్టచివర నిలిచెను. రెండేండ్ల తరువాత, 2021 నవంబరు 23న, అదే క్లబ్బు చెన్నయిన్ ఎఫ్.సి. చేతిలో 0-1తో ఓడి సీజను నారంభించెను. తరువాతి పందెముననే నాటి విజేతయగు ముంబై సిటీని 3-1తో ఓడించెను. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలున కేరళ జట్టును పెనాల్టీలలో జయించి కప్పు నెత్తెను. మొదటిమారు తొలి ఓటమి నిజము చెప్పినది, పిదప వచ్చిన గెలుపు మోసగించినది. రెండవమారు ఓటమియే మోసగించినది. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయినను, ఈ పాఠము మనకు మిగిలియున్నది.

ఇంతకంటె గొప్ప దృష్టాంతము మరియొకటి కలదు. మన పొరుగుననున్న కాచిగూడలో ఒకప్పుడు బడిపంతులుగా నుండిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు తరువాత భారతదేశపు జట్టుకు శిక్షకులైరి. 1962లో జకార్తా ఏషియా క్రీడలలో వారి జట్టు తొలి పందెమున దక్షిణ కొరియాకు 0-2తో ఓడెను. పిదప థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును వరుసగా గెలిచి, సెప్టెంబరు 4న ఫైనలున అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకము గైకొనెను. తలకు గాయమైన జర్నైల్ సింగును రక్షణ వరుసనుండి ముందు వరుసకు మార్చగా, ఫైనలున ఒక గోలు అతడే చేసెను. తొలి నాటి అంకెలు చూచి ఆ జట్టును కొలిచినవాడు ఎంత పొరపడియుండును!

అట్లయిన ఎన్నడును తీర్పు చెప్పరాదా యని కొందరడుగవచ్చును. లీగు పోటీలయినచో ప్రతి జట్టుతోను ఒక్కమారైన ఆడువరకు ఓర్చుట మేలు. కాని మన పాఠశాలల పోటీలలో ఒక్క ఓటమితో ఇంటికి రావలసియుండును. అంత యోపిక పట్టుటకు వీలులేదు. కావున ఫలితముకంటె ఆటను చూచుట నేర్వవలెను. ఎదిరి జట్టు ఎంతటిది? గోలులు చక్కని పాసులతో వచ్చినవా, ఎదిరి పొరపాటున వచ్చినవా? మనవారు కల్పించుకొనిన మంచి అవకాశములెన్ని, ఎదిరికి ఇచ్చినవెన్ని? జ్వరముచేతనో గాయముచేతనో రానివారెవరు? ఒక గోలు తిన్న పిమ్మట మనవారు తమ స్థానములందు నిలిచిరా, చెదరిరా? 2022 ప్రపంచ కప్పు తొలి పందెమున అర్జెంటీనా సౌదీ అరేబియాకు 1-2తో ఓడెను. కాని మొదటి సగమున మూడుమారులు బంతిని వలలో వేసి, ఆఫ్‌సైడు నియమముచే ఆ గోలులను పోగొట్టుకొనెను. అంకెలు మాత్రమే చూచినవారు ఆ జట్టును త్రోసిపుచ్చిరి. ఆటను చూచినవారికి ఆశ మిగిలెను. కప్పు తుదకు అర్జెంటీనాకే దక్కెను.

ఇది కేవలము ముచ్చట కాదు. తొలి పందెమున బంతి చేజార్చిన పదునాలుగేండ్ల గోల్‌కీపరును మనమందరము నిందించినచో, అతడు మరల మైదానమునకు రాకపోవచ్చును. బలహీనమైన జట్టుపై నాలుగు గోలులు చేసిన బాలుని మితిమీరి పొగడినచో, అతడు సాధనయే మానవచ్చును. పెద్దల జట్లకు కప్పు పోవును. మన బాలురకు ఆటయే పోవును.

కావున తలిదండ్రులకును, విద్యార్థులకును మా విన్నప మొక్కటే. తీర్పు చెప్పుడు, కాని పెన్సిలుతో వ్రాయుడు. సిరాతో వ్రాయుటకు సీజను చివర వరకు వ్యవధి కలదు. రాబోవు పందెము ముగిసినపుడు "ఎన్ని గోలులు?" అని యడుగుటకు ముందు "ఎట్లు ఆడితిరి?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు తిన్నగా బదులు చెప్పగల జట్టు, ఓడివచ్చినను, మంచి జట్టే యని మేము నమ్ముచున్నాము.