గేర్ ఆయిల్ చూపించాకే బయానా

సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు కొనేవాళ్లు టైర్లు చూస్తారు, తలుపులు దబదబా వేసి చూస్తారు, మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానపడతారు. గేర్‌బాక్సులో ఆయిల్ ఎంత ఉందని అడిగేవాళ్లు మాత్రం అరుదు. చెడిందంటే ఇంజను తర్వాత అంత డబ్బు మింగేది ఆ పెట్టే. విజయవాడ ఆటోనగర్‌లో గేర్‌బాక్సులు విప్పే పని నాది. కొనేవాళ్ల తరఫున పాత బండ్లు చూసి పెడుతుంటాను కూడా. నా మాట ఒక్కటే: ఆయిల్ లెవెల్‌ను పద్ధతి ప్రకారం చూపించని బండికి బయానా ఇవ్వకూడదు. ఆ చూపించే ఖర్చు అమ్మేవాళ్లే పెట్టుకోవాలి.

దీనికి బ్రోకర్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. “ఇది సీల్డ్ బాక్సండీ, లైఫ్‌టైమ్ ఆయిలు, చూసే పనే లేదు” అంటారు. సీల్డ్ బాక్సుకు పైనుంచి లాగి చూసే గేజి ఉండదు, అంతే తేడా. యాక్సిల్ సీళ్లు, కూలర్ పైపులు, కింది పాను జాయింటు దానికీ ఉంటాయి. ఏళ్లు గడిస్తే అవీ కారతాయి. ఇంజను ఆయిల్ కొంత కాలి తగ్గుతుంది, గేర్ ఆయిల్ అలా కాలిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారినట్టే, లేదంటే కిందటిసారి మార్చినవాడు తక్కువ పోసినట్టే. ఖరీదైన కార్లెన్నిటికో బాక్సులు చేసిచ్చే జర్మన్ కంపెనీ జెడ్ఎఫ్ తన బాక్సుల్లో ఆయిల్‌ను 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమంటోంది. చేసినవాళ్లే మార్చమంటుంటే అమ్మేవాళ్లు అక్కర్లేదంటే ఎలా?

ముందు ఆ బండిలో ఉన్నది ఏ బాక్సో తెలుసుకోవాలి. 2014లో సెలేరియోతో మన మార్కెట్లోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనకు బదులు ఒక యూనిట్ చేస్తుంది. అందులో ఆటోమేటిక్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిల్ కోసం వెతకడం దండగ. బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీకి దాని ఆయిల్ వేరు. అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీలు పాడవుతాయి.

ఏటీఎఫ్ పోసే మామూలు ఆటోమేటిక్ అయిన టార్క్ కన్వర్టర్ బాక్సుకు గేజి ఉంటే పని తేలిక. కానీ ఇంజను ఆయిల్ చూసినట్టు పొద్దున్నే చల్లటి బండికి లాగి చూస్తే కుదరదు. చాలా బండ్లకు పద్ధతి ఇది. కాసేపు రోడ్డు మీద నడిపి వేడెక్కించాలి. చదునైన చోట ఆపి, బ్రేకు మీద కాలు తీయకుండా లివర్‌ను ఒక్కో గేరులో కొన్ని క్షణాలు ఉంచుతూ తిప్పి మళ్లీ పార్క్ (పీ)లోకి తేవాలి. ఇంజను ఆడుతుండగానే గేజి తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి, వేడి గుర్తుల మధ్య చూడాలి. ఇంజను ఆపేస్తే కన్వర్టర్‌లో, వాల్వ్ బాడీలో ఉన్న ఆయిల్ కిందికి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. గేజి ఉన్న పాత హోండాల లెక్క మళ్లీ వేరు. వేడెక్కాక ఇంజను ఆపి, నిమిషం నిమిషంన్నర మధ్యలో చూడాలి. అందుకే బండితో వచ్చిన పుస్తకం తెరవకుండా ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, నమ్మొద్దు.

గేజి లేని బాక్సుకు లిఫ్ట్ కావాలి. బండి నాలుగు వైపులా సమానంగా లేవాలి, ఒక పక్క జాకీ పెడితే లెవెల్ తప్పు చూపిస్తుంది. స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూ, కంపెనీ చెప్పిన డిగ్రీల దగ్గర, ఇంజను ఆడుతుండగా ఓవర్‌ఫ్లో ప్లగ్ విప్పాలి. చాలా బాక్సులకు ఆ వేడి 35, 45 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే లెవెల్ సరి. ఏమీ రాలేదంటే తక్కువ. బెజవాడ మే నెలలో మధ్యాహ్నం గాలే 42 డిగ్రీలుంటుంది, నడుపుకుంటూ వచ్చిన బండిలో ఆయిల్ ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. వేడికి ఉబ్బిన ఆయిల్‌తో ప్లగ్ విప్పితే లోపల ఉండాల్సింది కూడా పోతుంది. రాత్రంతా షెడ్డులో ఉంచి తెల్లారగానే చూడటమే మేలు.

తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. ఎలా చూసినా ప్రెషర్ పడిపోతుంది, క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతాయి. కొత్త ఎర్ర ఆయిల్ కనబడిందని మురిసిపోకండి, అమ్మకానికి ముందు మార్చి ఉండొచ్చు. ఎందుకు మార్చారో అడగండి, బిల్లు చూపించమనండి.

మా ఊళ్లో ఇంకో భయం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. సీట్లు, కార్పెట్లు మార్చేయొచ్చు, వాసన పోగొట్టొచ్చు. గేర్‌బాక్సుకు గాలి ఆడటానికి ఉండే బ్రీదర్ గుండా నీళ్లు దిగితే మాత్రం ఆయిల్ రోజ్‌మిల్క్‌లా తయారవుతుంది. రేడియేటర్‌లోని కూలర్ చిట్లి కూలెంట్ కలిసినా అంతే. నీటికి క్లచ్ ప్లేట్ల లైనింగు ఊడిపోతుంది. అక్కడ ఆయిల్ మార్చడం వైద్యం కాదు, దాచిపెట్టడం.

ఇన్ని అడిగితే బేరం చెడుతుందని బ్రోకర్లు అంటారు. వందల అంశాలు చూశామని రిపోర్టు కూడా చేతిలో పెడతారు. నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో గేర్‌బాక్సు ఎదురుగా ఉండే టిక్కుకు అర్థం, బండి నడిపినప్పుడు గేర్లు పడ్డాయని. ప్లగ్ విప్పారని కాదు. నేను అడిగేది చిన్న చీటీ. ఏ ఆయిల్, ఎన్ని డిగ్రీల దగ్గర చూశారు, ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, కింద చూసిన మెకానిక్ సంతకం. చిన్న బ్రోకరు దగ్గర లిఫ్ట్ లేకపోతే పక్క షెడ్డులో ఉంటుంది. ఇది అమ్మేవాళ్ల మీద కక్ష కాదు. బండిని బాగా చూసుకున్న ఓనరుకూ, మసిపూసి అమ్మేవాడికీ ఇవాళ ఒకటే రేటు పలుకుతోంది. ఆ చీటీ ఉన్న బండికి పదివేలు ఎక్కువైనా ఇమ్మనే నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతాను.